చెలమలో ఊపిరి

నీళ్ళ చప్పుడు వింటే ఎవరికైనా మనసు కుదుటపడుతుందని ఆ టేపు తయారుచేసిన వాళ్ళు అనుకున్నారు. పాపం, వాళ్ళు మా ఊరు చూసి ఉండరు. మా ఊళ్ళో నీళ్ళ చప్పుడు వినబడితే నడుం వాల్చిన ముసలివాళ్ళు కూడా లేచి పరిగెత్తుతారు. పరిగెత్తారు కూడా. అదీ నా కళ్ళ ముందే, నేను పెట్టిన టేపు వల్లే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. వరసగా వానలు లేని ఏళ్ళు. నేను కుందుర్పి వైపు మా సొంత ఊళ్ళోనే నర్సుగా ఉండేదాన్ని. పెద్దాసుపత్రి నర్సును కాదు, ఇంటింటికీ తిరిగి పసిబిడ్డలకు టీకాలు వేసి, కడుపుతో ఉన్నవాళ్ళకు మాత్రలిచ్చే నర్సును. మా ఆయన బళ్ళారిలో లారీ షెడ్డులో పనిచేస్తూ నెలకోసారి వచ్చేవాడు కాబట్టి నేను అమ్మ, నాయనలతోనే ఉండేదాన్ని. నా నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. మాత్రలు మింగకుండా చూరులో దాచిపెట్టిన వాళ్ళను నడివీధిలో నిలబెట్టి కడిగేసేదాన్ని. అయినా ఏ రోగమొచ్చినా నన్నే పిలిచేవాళ్ళు, అది వేరే సంగతి.

ఒకసారి మా అందరినీ అనంతపురానికి రెండు రోజుల శిక్షణకు పిలిచారు. కరువుతో జనం మనసులు కుంగిపోతున్నాయి, వాళ్ళకు గాఢ విశ్రాంతి అనేది నేర్పించాలి అన్నారు. కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, తెల్ల లాల్చీ, వెన్నలాంటి గొంతు, మమ్మల్ని జంపఖానాల మీద వెల్లకిలా పడుకోమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎండకు ఎండి, తిండికి ఎండి ఉన్నవాళ్ళకు పడుకోవడం నేర్పాలా? ఇదేం చోద్యమప్పా అని పక్కనున్న ఆమెతో గొణిగాను. ఆమె నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన మాత్రం కోపం తెచ్చుకోలేదు. పాదాలు వదిలెయ్యండి, పిక్కలు వదిలెయ్యండి అంటూ మెల్లగా నడుం దాకా, మెడ దాకా వచ్చాడు. ఆ తర్వాత అన్న మాట నాకు ఈ రోజుకీ గుర్తే. "ఊపిరి పీల్చకండి, వదలకండి. అదేం చేస్తోందో ఊరికే చూడండి."

పసిబిడ్డల డొక్కలు ఎగిరెగిరి పడుతుంటే గడియారం పట్టుకుని నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టడం నా వృత్తి. ఎన్ని వందల మంది బిడ్డల ఊపిరి చూశానో! నా ఊపిరిని మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా చూసుకోలేదు. చూశాను. అది లోపలికి వచ్చింది. నేను పిలవలేదు. వెళ్ళిపోయింది. నేను పొమ్మనలేదు. కాసేపు ఏమీ లేదు. అమ్మో, ఇక రాదేమో అనుకునేలోగా మళ్ళీ వచ్చింది. ముప్పై నాలుగేళ్ళుగా ఇది నా ఎదలో ఇట్లా నడుస్తూనే ఉందా, నేను జనం మీద అరుస్తున్నప్పుడు కూడా? ఆ పైన ఆయన సముద్రమన్నాడు, అలలన్నాడు, ఏదో చల్లగా పాదాలను తాకుతోందన్నాడు. నేనెప్పుడు నిద్రపోయానో తెలియదు. గురక పెట్టానని మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ ఆటపట్టించారు. పెట్టి ఉంటాను, సిగ్గేముంది.

పోయేటప్పుడు తలా ఒక టేపు ఇచ్చారు. దాంట్లో అదే మెత్తటి గొంతు, వెనకాల పారే ఏటి చప్పుడు.

ఊరికి వచ్చిన మూడో రోజు ఆడవాళ్ళను బడి వరండాలో పోగుచేశాను. పదిహేను మంది దాకా వచ్చారు. "ఏమి నర్సమ్మా, పండుకుంటే మాత్రలిస్తావా?" అని ఒకామె ఎకసెక్కం. "పండుకోకుంటే సూదులేస్తా" అన్నాను. నవ్వుకుంటూనే చాపల మీద వాలారు. టేపు పెట్టాను. పాదాలు, పిక్కలు, నడుం. నిజం చెప్పొద్దూ, నేను వాళ్ళ ముఖాలే చూస్తూ కూచున్నాను. పొద్దున నాలుగింటికి లేచి రాత్రి దాకా కాలు నిలవని ఆడవాళ్ళు, నుదుటి ముడతలు ఒక్కొక్కటే విప్పుకుంటున్నారు. పన్నెండు మంది బిడ్డల్ని కని అయిదుగురిని దక్కించుకున్న గొర్రెల అవ్వ ఒకామె అరచేతులు తెరిచి పెట్టుకుని పడుకుంది. ఆ చేతుల్లో పని లేకుండా నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు టేపులో ఏరు మొదలైంది. గలగలా నీళ్ళు.

ఒకామె కళ్ళు తెరిచింది. "కొళాయొచ్చిండాది మే!" అని ఒక్క కేక. మా ఊళ్ళో కొళాయి ఆరు రోజులకో ఏడు రోజులకో ఒకసారి వచ్చేది, వస్తే ముప్పావు గంట. అంతే, వరండా ఖాళీ. చాపలు ఒకవైపు, చెప్పులు ఒకవైపు. "బిర్నె రాండి, బిర్నె!" అని కేకలు. గొర్రెల అవ్వ కూడా కర్ర మరిచిపోయి పరిగెత్తింది. నేను టేపు చేత్తో పట్టుకుని "కొళాయి కాదు, క్యాసెట్టు!" అని అరుస్తూ వెనకాల. ఎవరు వింటారు? ఎండిన కొళాయి ముందు పదిహేను బిందెలు వరసగా చేరాక అప్పుడు నా వైపు చూశారు. ఆ చూపులు ఏమని చెప్పను. "నీళ్ళతో ఎగతాళా నర్సమ్మా?" అంది అవ్వ. తిట్టినా బాగుండేది. మెల్లగా అడిగింది.

నవ్వు రావలసిన సంగతే, ఇప్పుడు వస్తుంది కూడా. ఆ రోజు రాలేదు. ఎందుకంటే ఆ టేపు నాకు ఊరి కోసం కాదు, మా నాయన కోసం కావాలి.

నాయనకు అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండేది మాకు. ఎనిమిదేళ్ళు బిడ్డల్లా సాకిన చెట్లు. బోరు ఎండింది. ఇంకోటి వేయించాడు, తడి తగిలి ఆగిపోయింది. మూడోది వేసినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. రాతి పిండి తెల్లగా పైకి లేచి ఆయన తల మీద, మీసాల మీద పడుతూనే ఉంది. బోరు బండివాడు ఆపుతానంటే ఇంకొంచెం అంటాడు, ఇంకొంచెం అంటాడు. ఇంటికి వచ్చాక అమ్మ తలకు పోసుకోమంటే, ఉన్న నీళ్ళు చెట్లకు పోయమన్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు నిద్ర లేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, నెలన్నర. మంచం మీద కళ్ళు తెరుచుకుని పడి ఉండేవాడు. కళ్యాణదుర్గం డాక్టరు మాత్రలు రాసిచ్చాడు, మత్తుగా తూగాడే గాని నిద్రపోలేదు. మనిషి నిద్రపోకుంటే రక్తపోటు దిగదు, ఏదో ఒకనాడు కాలూ చెయ్యీ పడిపోతుంది అన్నాడు డాక్టరు.

నా భయం కాలూ చెయ్యీ గురించి మాత్రమే కాదు. ఆ ఏళ్ళలో మా జిల్లాలో నిద్రపట్టని రైతు ఇంట్లో ఏ భయం ఉంటుందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. దొడ్లో ఉన్న పురుగుమందు డబ్బాను చీరలో చుట్టుకుపోయి నా ఆసుపత్రి గది బీరువాలో పెట్టి తాళమేశాను. అదేదో గొప్ప తెలివైన పని చేసినట్టు రెండు రోజులు ధైర్యంగా ఉన్నాను. ఆ తర్వాత ఆయన కళ్ళు చూస్తే ఆ ధైర్యం కాస్తా పోయింది.

టేపు ఎట్లాగూ పనికిరాదని తేలింది కాబట్టి, మాటలు నేనే చెబుదామనుకున్నాను. ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక వసారాలో నులక మంచం మీద పడుకోబెట్టాను. అమ్మ గడప దగ్గర కూచుని విత్తనానికి చెనక్కాయలు వలుస్తోంది. నేను గొంతు మెత్తగా చేసుకుని, "నాయనా, నువ్వు సముద్రం ఒడ్డున ఉండావు" అన్నాను.

"నేనెప్పుడు సూసినా సముద్రాన్ని?" అన్నాడు.

"సరే, పెద్ద ఏరు. నిండుగా పారతాంది. నువ్వు ఒడ్డున గమ్మున పండుకోనుండావు."

ఆయన గభాలున లేచి కూచున్నాడు. "ఏరు పారతాంటే నేనేమిటికి పండుకుంటా మే? నీకేమన్నా మతి ఉండాదా? మడవ తిప్పి తోటకు నీళ్ళు కట్టుకోనా? ఆడ చెట్లు సస్తాండాయి!" ఎగశ్వాస పడుతున్నాడు. నుదుటి మీద చెమట. నేను నిద్రపుచ్చబోయి మనిషిని ఇంకా మేలుకొలిపాను.

నాకు ఏడుపు రావాలి, కోపం వచ్చింది. నాకంతే, ఏది రావలసి ఉన్నా ముందు కోపమే వస్తుంది. "నీకు మంచి చెప్పేవాళ్ళంటేనే పడదు! నీళ్ళంటే సల్లగా ఉంటాదని చెప్తే దానికీ తగువే!" అని అరిచాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "నీళ్ళ గురించి నీకేమి తెలుసు పాపా" అన్నాడు, మెల్లగా. "నీళ్ళు మనం ఆత్రపడితే వచ్చేటివి కావు. వంకలో చెలమ తవ్వేది సూసినావు కదా చిన్నప్పుడు. ఇసుక తోడినాక ఏం చేస్తారు? ఏమీ చేయరు. గమ్మున కూసుంటారు. చెయ్యి పెడితే బురద లేస్తాది. మొదట ఊరిండేది పారబొయ్యాల. మళ్ళా కూసోవాల. అదే వస్తాది. మనం తెచ్చేది కాదు, అదే వస్తాది."

ఆయన చెబుతున్నాడు, నేను ఆయన ఎద చూస్తున్నాను. లెక్కపెట్టే అలవాటు కదా. ఎగశ్వాస ఎప్పుడు ఆగిందో! భుజాలు దిగాయి. పిడికిలి విచ్చుకుంది. మాట మాటకు మధ్య ఊపిరి నిదానంగా వచ్చిపోతోంది. నెలన్నరలో ఆయన ఊపిరి అట్లా ఆడటం నేను చూడలేదు. చెలమ అన్న మాట ఒక్కటి చేసింది ఆ పని.

చెలమ నాకు మాత్రం తెలియదా! ఏడెనిమిదేళ్ళప్పుడు నాయన వెంట వంకకు పోయేదాన్ని. వంకంటే మాకు పారేది కాదు, పరుచుకున్న ఇసుక. ఎండాకాలం కాలు పెడితే బొబ్బలెక్కేంత వేడి. నాయన కూచుని రెండు చేతులతో తోడేవాడు. మోచేతి లోతుకు పోయేసరికి ఇసుక రంగు మారేది. ఇంకొంచెం పోతే చెమ్మ. అక్కడ ఆపి, చేతులు దులుపుకుని, బీడీ కూడా ముట్టించకుండా కూచునేవాడు. నేను గుంటలోకి తొంగి చూసేదాన్ని. ఏమీ ఉండదు. ఏమీ ఉండదు. ఎప్పుడో అడుగున చిన్న మెరుపు. చప్పుడు లేదు, ధార లేదు, ఎటునుంచి వచ్చిందో తెలియదు. చూస్తూ చూస్తూ ఉండగానే చిప్పెడు నీళ్ళు. టెంకాయ చిప్పతో ముంచి పారబోసేవాడు, మురికని. మళ్ళీ కూచునేవాడు. మూడోసారో నాలుగోసారో ఊరిన నీళ్ళలో నా ముఖం కనబడేది. కోసుల కొద్దీ నెర్రెలిచ్చిన నేల, కాలే ఇసుక, దాని కడుపులో ఈ చల్లదనం ఎవరు దాచిపెట్టారో అని నాకు భయం కూడా వేసేది. గట్టిగా మాట్లాడితే పోతుందేమోనని గుసగుసగా మాట్లాడేదాన్ని. ఆ వయసులో నేను గుసగుసలాడింది అక్కడొక్కచోటే.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ మంచం పక్కన కింద కూచున్నాను. ఈసారి మెత్తటి గొంతు పెట్టలేదు. నా గొంతుతోనే చెప్పాను.

"నాయనా, వంకలో ఉండావు. చెలమ తవ్వినావు."

"యాడ?"

"నీకు తెలిసిన తావులోనే."

"కానుగ చెట్టు కింద" అన్నాడు, కళ్ళు మూసుకుని.

"సరే, కానుగ చెట్టు కిందే. చిప్పతో ముంచి పారబొయ్యి. ఊపిరి అట్లే వదిలెయ్యి. అయిపాయ. ఇప్పుడు నువ్వు చేసేది ఏమీ లేదు. గమ్మున కూసో. ఊరనీ."

ఆయన ఎద బలంగా పైకి లేచింది, బలవంతాన పీలుస్తున్నాడు. "చెయ్యి పెట్టద్దు నాయనా, బురద లేస్తాది" అన్నాను. ఆయన పెదవి మీద చిన్న నవ్వు లాంటిది కదిలింది. మళ్ళీ వదిలాడు. ఈసారి ఆగాడు. లోపలికి గాలి దానంతట అదే వచ్చింది.

ఆ రోజు నిద్రపోయాడని చెబితే కథ అవుతుంది. పోలేదు. అరగంట కళ్ళు మూసుకుని ఉండి, లేచి, తోటకు పోయి ఎండిన చెట్లను చూసి వచ్చాడు. రెండో రోజు మాట వినలేదు, "నీ చెలమా వద్దు, ఏమీ వద్దు" అన్నాడు. నేను తిట్టాను, ఆయన తిట్టాడు, అమ్మ మా ఇద్దరినీ తిట్టింది. మూడో రోజు ఆయనే వచ్చి మంచం మీద పడుకుని, "సెప్పు" అన్నాడు.

నాలుగో రోజు నేను చెప్పడం మానేసి చూస్తూ కూచున్నాను. ఎందుకంటే ఇక చెప్పవలసింది లేదు. ఆయన ఊపిరి వెళ్ళిపోతోంది, ఆ తర్వాత ఏమీ లేదు. పొట్ట కదలదు, ముక్కు కదలదు. వసారాలో చెనక్కాయ పొట్టు పగిలే చప్పుడు ఒక్కటే. లేపుదామా అని చెయ్యి ఎత్తుతాను. అప్పుడు ఎక్కడో అడుగు నుంచి మెల్లగా పొట్ట లేస్తుంది. ప్రతిసారీ వచ్చింది. ప్రతిసారీ నేను నమ్మలేదు. ఎంతమందికి పురుడు పోశాను, ఎంతమంది చివరి ఊపిరి చూశాను, అయినా ఒక మనిషి బతికి ఉండటం ఇంత వింత అని ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఆయన నోరు కొంచెం తెరుచుకుంది. దవడ జారింది. చెయ్యి మంచం పట్టె మీద నుంచి కిందికి వేలాడింది. చిన్నగా గురక మొదలైంది. ఆ గురక విని నేను రెండు చేతులా నోరు మూసుకున్నాను, ఎక్కడ చప్పుడు చేసి చెడగొడతానో అని.

అమ్మ చెనక్కాయల చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. నమ్మలేదు. ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూసింది. ఆ వేళ్ళ మీద గాలి తగిలిందేమో, అట్లాగే పెట్టుకుని నిలబడింది.

"నిద్రేనా పాపా?" అంది గొంతు లేకుండా.

"నిద్రే అమా. మందు నిద్ర కాదు, మంచి నిద్ర."

"లేవడు కదా ఇప్పుడిప్పుడే?"

"లేవడు."

అమ్మ నా వైపు చూసింది. "అట్లయితే నేను గూడా ఇంత పండుకోవచ్చునా?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. పండుకో, ఎవరొద్దన్నారు అన్నాను, నా మామూలు విసురుతోనే.

"బోరు ఏసిన దినం నుంచి వాకిలికి అడ్డం పండుకుంటాండా" అంది. "ఆయప్ప లేసి యాడికన్నా పోతే నా మీద కాలు పడాలని. కండ్లు మూస్తే తెలీకుండా దాటుకోని పోతాడేమో అని కండ్లు గూడా మూయల్యా. నాకు శానా అలుపుగా ఉండాది మే."

ఒకే ఇంట్లో ఉన్నాను నేను. ఊరందరినీ ఇల్లిల్లూ తిరిగి నిద్ర పడుతోందా, ఆకలవుతోందా అని అడిగి పుస్తకంలో రాసుకున్నదాన్ని. పురుగుమందు డబ్బా దాచి నిశ్చింతగా నిద్రపోయినదాన్ని. మా అమ్మను ఒక్కనాడు అడగలేదు. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

ఆమె మంచం పక్కనే కటిక నేల మీద వాలింది. చాప తెస్తానంటే వద్దంది. ఒళ్ళో చెనక్కాయ పొట్టు కూడా దులుపుకోలేదు. "నాకూ చెప్పు మే, ఆ చెలమ" అంది.

రెండుసార్లు మొదలుపెట్టి ఆపాను. "అమా, వంకలో ఉండావు. ఇసుక తోడినావు" అన్నాను. మురికి నీళ్ళు పారబోసే దాకా కూడా రాలేదు, అమ్మ నిద్రపోయింది.

నేను లేచి తలుపు దగ్గరగా వేసి, వాకిలికి అడ్డంగా కూచున్నాను.